పాత నాటకమందిరంలో కొత్త మోటార్లు: యంత్రం బాగుంది, బిగింపు దగ్గరే తేడా వచ్చింది

గంజాం ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో బరంపురంలో కట్టిన నాటకమందిరం ఒకటి ఈమధ్య మోటారు యంత్రాలు పెట్టించుకుంది. దీపాలూ తెరలూ వేలాడదీసే అడ్డ పైపులు, అంటే బార్లు, ఆరు; వాటిని తాళ్లతో ఎత్తి దించే వించ్‌లు ఆరు, ముందు తెరకి ఒక మోటారు, అన్నిటికీ కలిపి ఒక కంట్రోల్ ప్యానెల్. తెలుగు పద్యనాటకాలూ ఒడియా నాటకాలూ రెండూ ఆడే వేదిక అది. పర్లాకిమిడి, రాయగడ వైపు పాత హాళ్లు చూసుకునే కమిటీలకి పనికొస్తుందని ఈ సమీక్ష. ముందే చెప్పేస్తే: వించ్‌లకి 5కి 4 మార్కులు, ముందు తెర మోటారుకి 2, బిగించిన పనికి రెండున్నర.

మొదట హాలు కొలతలు. వేదిక ముఖద్వారం 8 మీటర్ల వెడల్పు, 4.8 మీటర్ల ఎత్తు. వేదిక నేల నుంచి పైకప్పుని మోసే ట్రస్ (దూలాల అల్లిక) అడుగు వరకు 7.5 మీటర్లు. అమ్మేవాళ్ల బ్రోషర్‌లో దృశ్యాల తెరలు పైకి లేచి మాయమవుతాయి. అలా మాయం కావాలంటే పైకప్పు ముఖద్వారం ఎత్తుకి కనీసం రెండున్నర రెట్లు ఉండాలి. ఇక్కడైతే 12 మీటర్లు కావాలి, ఉన్నది ఏడున్నర. మన వైపు పాత హాళ్లలో దాదాపు ఏదీ అంత ఎత్తు కట్టినది కాదు. 4.8 మీటర్ల తెరని ఎంత లాగినా సగం కిందే వేలాడుతుంది. కాబట్టి బార్లు దీపాలకీ పైన అడ్డంగా వేలాడే జాలర్లకీ పక్కతెరలకీ బాగా పనికొస్తాయి, రంగుల తెరలకి మాత్రం పాత పద్ధతే గతి: కింద గొట్టం, రెండు చివర్లా తాళ్లు, లాగితే గొట్టం దొర్లుతూ తెరని చుట్టుకుంటూ పైకి పోతుంది. అదే చుట్టుతెర.

చుట్టుతెరకి కూడా మోటారు పెట్టొచ్చు, గొట్టం లావు సరిపోతేనే. 8 మీటర్ల పొడవుకి 150 నుంచి 200 మిల్లీమీటర్ల లావు కావాలి. ఖర్చు తగ్గుతుందని సన్న పైపు వేస్తే నడుమ వంగుతుంది, వంగిన చోట తెర ముడతలతో చుట్టుకుంటుంది, నాలుగు ప్రదర్శనలయ్యేసరికి ఆ ముడతల వెంబడే రంగు పొట్టు లేస్తుంది. రాజదర్బారు తెర నడిమధ్యలో సింహాసనం మీద అడ్డంగా తెల్ల గీతలు కనిపిస్తే గొట్టం సన్నమని అర్థం. తెరని రెండు బార్లకి కట్టి మడత పెట్టే పద్ధతి ఇంకోటి ఉంది. మామూలు గుడ్డకి ఫర్వాలేదు, రంగులు వేసిన కేన్వాసుకి వద్దు.

ఇక అసలు విషయం, బరువు ఎక్కడ పడుతుంది అన్నది. కాంట్రాక్టరు మొదటి డ్రాయింగులో కప్పీలన్నీ పైకప్పు ట్రస్‌కే వేలాడదీశాడు. ఆ ట్రస్ పెంకుల్నీ గాలినీ లెక్కేసి చేసింది, వేదిక బరువుల కోసం కాదు. లెక్క చూడండి. ఒక్కో బారు 48 మిల్లీమీటర్ల పైపు, మీటరుకి మూడున్నర కిలోల చొప్పున 9 మీటర్లకి సుమారు 32 కిలోలు. దాని మీద 250 కిలోల సామాను. తాళ్లతో కలిపి 290 అనుకుందాం. ఆరు బార్లకి 1,740 కిలోలు. చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు. కానీ వించ్ పక్కన నేల మీద ఉంటే, తాళ్లు పక్కగోడ వైపు తలకప్పీ, అంటే బారు తాళ్లన్నీ కలిసి మళ్లే కప్పీ, మీద తొంభై డిగ్రీలు మళ్లి కిందకి దిగుతాయి. బారు వైపు 290 కిలోల లాగుడు ఉంటే వించ్ వైపు కూడా అంతే ఉంటుంది. ఆ రెండూ కలిసి తలకప్పీ మీద ఏటవాలుగా 410 కిలోలు పడతాయి. ఆరింటికి దాదాపు రెండున్నర టన్నులు, అందులో 1,740 కిలోలు పక్కకి లాగే బలం. పాత ట్రస్ కిందకి లాగితే కొంత ఓర్చుకుంటుంది, పక్కకి లాగితే ఓర్చుకోదు.

పైగా ఇది తుపాన్ల దారి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. అలాంటి గాలి పైకప్పుని కిందకి నొక్కదు, పైకి పీకుతుంది. ఆ పీకుడుకి కదిలే ట్రస్‌కే కప్పీలు కూడా బిగిస్తే, తుపాను తరవాత బార్లు ఏవీ మట్టంగా ఉండవు.

కమిటీ ఇక్కడ గట్టిగా నిలబడింది. స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలిచి, వేదిక లోపలే నాలుగు ఉక్కు స్తంభాల మీద విడిగా చట్రం నిలబెట్టించింది. చట్రానికీ పాత ట్రస్‌కీ మధ్య 50 మిల్లీమీటర్ల ఖాళీ వదిలారు, ఒకటి ఊగినా రెండోదాన్ని తాకదు. స్తంభాల పునాదులు పాత గోడకి 60 సెంటీమీటర్లు ఎడంగా, గోడ పునాది అడుగుకంటే లోతుకి పోకుండా తవ్వారు. పాత గోడ కాళ్ల కింద మట్టి కదిలిస్తే తరవాత ఏ యంత్రమూ ఆ బీటల్ని పూడ్చలేదు. ఈ చట్రానికి ఖర్చు బాగా పెరిగింది, వాయిదా కూడా పడింది. అయినా మొత్తం పనిలో అన్నిటికంటే సరైన నిర్ణయం ఇదే. రేపు యంత్రాలు తీసేయాల్సి వచ్చినా నట్లు విప్పి చట్రం బయటికి తీసుకెళ్లొచ్చు, హాలు హాలులాగే ఉంటుంది.

గోడల విషయంలో మాత్రం ఆ శ్రద్ధ లేదు. హాలు గోడలు ఇటుక, డంగు సున్నం. వేలిగోరుతో గీకితే ఇటుకల మధ్య సున్నం పొడిగా రాలుతుంది. అలాంటి గోడలో రంధ్రం వేసి విప్పారే యాంకర్ బోల్టు బిగిస్తే, బోల్టు విప్పారిన కొద్దీ ఇటుక పగులుతుంది తప్ప పట్టు దొరకదు. ముందు తెర కప్పీని అలాగే బిగించారు. పక్షం రోజుల్లో బోల్టు చేత్తో తిప్పితే తిరిగింది. తరవాత గోడకి అవతలి దాకా బోల్టు పోనిచ్చి, రెండు వైపులా 200 మిల్లీమీటర్ల చదరపు ప్లేట్లు వేసి బిగించారు. మొదటి రోజే చేయాల్సిన పని అది. కేబుళ్ల కోసం గోడలో చెక్కిన గాడుల్ని సిమెంటుతో పూడ్చడం ఇంకో తప్పు. సున్నపు గోడ తేమని పీల్చి వదులుతుంటుంది, సిమెంటు పట్టీ ఆ దారి మూసేస్తుంది. మొదటి వానాకాలానికే పట్టీ చుట్టూ పాత గార ఉబ్బి పెచ్చులు రాలింది. సున్నంతోనే పూడ్చాలని, వీలైతే గోడ చెక్కకుండా కేబుల్ ట్రేని స్తంభాలకే కట్టాలని పని ఆర్డరులోనే రాయించుకోండి.

వించ్‌ల సంగతికి వద్దాం. ఒక్కోటి 1.5 కిలోవాట్ల మోటారు, వార్మ్ (మర ఆకారపు గేరు) గేర్‌బాక్సు, తాడు చుట్టుకునే 250 మిల్లీమీటర్ల గాడుల డ్రమ్ము, నాలుగు తాళ్లు. 290 కిలోలని సెకనుకి 15 సెంటీమీటర్ల వేగంతో ఎత్తడానికి కావలసింది సుమారు 430 వాట్లు. వార్మ్ గేరు అందులో నలభై శాతందాకా తినేస్తుంది కాబట్టి మోటారు మీద 750 వాట్లు పడుతుంది. 1.5 కిలోవాట్లు ఇచ్చారంటే సాయంత్రం పూట ఓల్టేజీ పడిపోయినా బండి మొరాయించదు. తాళ్లు 6 మిల్లీమీటర్ల జింకు పూత ఉక్కువి, ఒక్కోటి తెగే బలం రెండు టన్నుల దాకా. నాలుగు తాళ్లూ సమానంగా మోయవు, దీపాలు ఒక పక్కకి జరిపితే ఒక తాడు మీద 130 కిలోలు పడొచ్చు. దానికి పది రెట్లు చూసుకున్నా సరిపోతుంది. మనుషుల తల మీద వేలాడే బరువుకి ఎనిమిది నుంచి పది రెట్ల బలం చూడటం నాటకశాలల్లో ఆనవాయితీ, అందులో బేరం వద్దు. కప్పీలు 150 మిల్లీమీటర్లవి, బాల్ బేరింగులతో వచ్చాయి. తాడు మందానికి కనీసం ఇరవై రెట్లు కప్పీ ఉండాలి, అంటే 120. బజారులో దొరికే చిన్న కప్పీలైతే తాడులోని తీగలు వంగి వంగి లోపలే తెగుతాయి.

ఇంత మంచి వించ్‌లని పాడు చేసింది తలకప్పీ. బారు 6 మీటర్లు కదలాలి. డ్రమ్ము ఒక చుట్టుకి 78 సెంటీమీటర్లు, అంటే ఎనిమిది చుట్లు, ఎప్పుడూ డ్రమ్ము మీదే ఉండాల్సినవి మరో మూడు. చుట్టుకి 7 మిల్లీమీటర్ల చొప్పున ఒక్కో తాడుకి 77 మిల్లీమీటర్ల మేర, నాలుగింటికి 31 సెంటీమీటర్లు. కాంట్రాక్టరు తెచ్చిన తలకప్పీలో నాలుగు గాడులూ 12 మిల్లీమీటర్ల ఎడంలోనే ఉన్నాయి. డ్రమ్ముకీ ఆ కప్పీకీ మధ్య దూరం రెండున్నర మీటర్లు. అంచు తాడు మూడు డిగ్రీలకి పైగా ఏటవాలుగా వస్తుంది, ఒకటిన్నర నుంచి రెండు డిగ్రీలు దాటకూడదు. పెద్ద హాళ్లలో డ్రమ్ము ఐదారు మీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి అదే కప్పీ అక్కడ చెల్లుతుంది. మన హాళ్ల పక్కవేదిక ఇరుకు. ఫలితం: మూడోసారి బారు ఎత్తేటప్పుడు అంచు తాడు గాడి తప్పి పక్క చుట్టు మీదకెక్కింది, బారు ఒక చివర నాలుగు వేళ్లు పైకి లేచింది. ఆ చుట్టు జారి మళ్లీ గాడిలో పడేటప్పుడు వచ్చే కుదుపే ప్రమాదం.

మందు సులువే. ఒక్క కప్పీ బదులు నాలుగు విడి కప్పీలని, ఒక్కోదాన్ని దాని తాడు చుట్టుకునే మేరకి సరిగ్గా నడిమధ్యన ఉండేలా 77 మిల్లీమీటర్ల ఎడంతో బిగిస్తే కోణం ఒక డిగ్రీకి లోపే ఉంటుంది. చివరికి అదే చేశారు, నెల రోజులు ఆలస్యంగా. ఆర్డరు ఇచ్చేముందు మీ హాల్లో డ్రమ్ము నుంచి తలకప్పీకి ఎంత దూరం దొరుకుతుందో టేపు పెట్టి కొలిచి ఇవ్వండి. ఈ ఒక్క కొలత అడగని కాంట్రాక్టరుకి పాత హాళ్లలో పని చేసిన అనుభవం లేదనే అనుకోండి.

తాడు చివరి ముడులు స్వయంగా చూడాల్సినవి. థింబుల్ అనే లోహపు వంకీ చుట్టూ తాడు తిప్పి మూడు బుల్‌డాగ్ క్లిప్పులు వేస్తారు. క్లిప్పుకి రెండు ముక్కలు, ఒకటి గాడి ఉన్న దిమ్మ, ఇంకోటి యూ ఆకారం కడ్డీ. దిమ్మ ఎప్పుడూ బరువు మోసే తాడు వైపు ఉండాలి, యూ కడ్డీ తెగ్గొట్టిన చివర వైపు. తిరగేస్తే యూ కడ్డీ మోసే తాడునే నలిపేస్తుంది. ఇక్కడ మూడు చోట్ల తిరగేసి ఉన్నాయి, ఒకచోట దిమ్మలు ఎదురెదురుగా వేశారు. సరిగ్గా వేసినా క్లిప్పు ముడి తాడు బలంలో ఎనభై శాతమే నిలుపుతుంది, మొదటి బరువు ఎత్తాక నట్లు మళ్లీ బిగించాలి. ఫ్యాక్టరీలో నొక్కి పంపే ఫెర్రూల్ (లోహపు గొట్టం) ముడి దొరికితే అదే మేలు.

వార్మ్ గేరు దానంతటదే వెనక్కి తిరగదు కదా, బ్రేకెందుకు అనేవాళ్లున్నారు. గేరు అరిగాక, నూనె వేడెక్కాక, కంపనానికి మెల్లగా జారుతుంది. ఈ వించ్‌లకి రెండేసి బ్రేకులున్నాయి, నాలుగేసి లిమిట్ స్విచ్‌లున్నాయి: పైనా కిందా మామూలుగా ఆపేవి రెండు, అవి పని చేయకపోతే మొత్తం కరెంటే తెంచేవి రెండు. తాడు వదులైతే ఆపే స్విచ్ కూడా ఉంది. నాలుగు మార్కులు ఇచ్చింది ఇందుకే.

వైరింగు దగ్గర మళ్లీ పొరపాటు. వేగం మార్చే డ్రైవ్, అంటే వీఎఫ్‌డీ, మోటారుకి ఇచ్చే ఓల్టేజీ నెమ్మది వేగంలో తగ్గుతుంది. బ్రేకుని విడిపించే కాయిల్‌ని మోటారు టెర్మినళ్లకే కలిపితే నెమ్మదిగా నడిచేటప్పుడు బ్రేకు పూర్తిగా విడవదు, పట్టుకునే తిరుగుతుంది. ఒక వించ్‌లో అలాగే కలిపారు. రిహార్సల్లో కాలిన వాసన వస్తే దీపాలదేమో అనుకున్నారు, విప్పి చూస్తే బ్రేకు లైనింగు నల్లబడి ఉంది. బ్రేకుకి మెయిన్ నుంచి విడిగా సప్లై ఉండాలి. బరువు దించేటప్పుడు మోటారు తిరిగి కరెంటు పుట్టిస్తుంది కాబట్టి ఆ కరెంటుని వేడిగా వదిలేసే బ్రేకింగ్ రెసిస్టర్ కూడా ఉండాలి, లేకపోతే బారు దిగుతూ దిగుతూ మధ్యలో డ్రైవ్ ట్రిప్పవుతుంది.

ముందు తెర మోటారుకి వీఎఫ్‌డీ లేదు, నేరుగా కాంటాక్టర్లే, అంటే మోటారుకి కరెంటు కలిపి తెంచే స్విచ్‌లే. దీని ముప్పు వేరు. కరెంటు పోయి జనరేటరుకి మార్చినప్పుడు మూడు ఫేజుల్లో రెండు తారుమారైతే మోటారు ఎదురు తిరుగుతుంది. ‘తెరువు’ నొక్కితే తెర మూసుకుంటుంది. అంతకంటే చెడ్డది, మూసే వైపు లిమిట్ స్విచ్ తెరిచే కాంటాక్టరుని ఆపదు, తెర చివరికెళ్లినా మోటారు లాగుతూనే ఉంటుంది, ట్రాకు వంగుతుంది లేదా తాడు తెగుతుంది. ఫేజుల వరస తప్పితే మోటారుని నడవనివ్వని ఒక చిన్న ఫేజ్ సీక్వెన్స్ రిలే పెడితే ఇదంతా ఆగుతుంది. అది కొటేషన్‌లో ఉంది, ప్యానెల్లో లేదు. అడిగాక పెట్టారు.

ముందు తెరకి తక్కువ మార్కులు పడటానికి అసలు కారణం వేగం. ఒక్కో సగం నాలుగున్నర మీటర్లు జరగాలి. సెకనుకి 20 సెంటీమీటర్ల వేగంతో 22 సెకన్లు పడుతుంది. పద్యనాటకంలో అంకం చివరి పద్యం ఎలా ముగుస్తుందో తెలిసినవాళ్లకి ఇది ఎంత పెద్ద లోపమో చెప్పక్కర్లేదు. నటుడు ఆఖరి పాదం మీద రాగం తీసి నిలబెడతాడు, హార్మోనియం ఆ స్వరం మీద ఆగుతుంది, చప్పట్లు లేస్తాయి, తెర అప్పుడే మూసుకోవాలి. తాడు లాగేవాడు ఆ రాగం వింటూ చెయ్యి బిగబట్టి ఉంటాడు. ఐదారు సెకన్లలో తెర పడిపోతుంది. ఈ మోటారుతో చప్పట్లు అయిపోయాక కూడా నటులు బొమ్మల్లా నిలబడే ఉండాలి. సెకనుకి 70 సెంటీమీటర్లు ఇచ్చే మోటారు, మొదలూ చివరా మెత్తగా ఉండేలా వీఎఫ్‌డీ కావాలి. అది వచ్చినా క్లచ్ విప్పి చేత్తో లాగే ఏర్పాటు ఉంచుకోవాలి. కరెంటు పోయిన రోజు కోసం మాత్రమే కాదు, ఆ రాగాన్ని వినగలిగేది లాగేవాడి చెయ్యే కనక.

చప్పుడు విషయంలో వించ్‌లు బాగున్నాయి, మూడో వరసకి గేరు మూలుగు దాదాపు వినపడదు. కానీ డ్రైవ్‌ల నుంచి వచ్చే గరగర మైకు కేబుళ్లలోకి దూరి స్పీకర్లలో పలికింది. మోటారు కేబుళ్లు షీల్డ్ ఉన్నవి వేసి, మైకు కేబుళ్లకి ఎడంగా నడిపితే పోయింది.

ప్యానెల్ని మొదట ఆఫీసు గదిలో పెడతామన్నారు. వేదిక కనపడని చోట నుంచి బరువులు కదపడం ఒప్పుకోకండి. ఇప్పుడది ఎడమ పక్కవేదికలో, పూర్వం తాళ్లు కట్టే గుంజల దగ్గరే ఉంది. వేలు తీస్తే ఆగిపోయే బటన్లు, రెండు పక్కలా ఎర్రటి ఎమర్జెన్సీ స్టాప్‌లు ఉన్నాయి. బటన్ల పేర్లు ఇంగ్లీషులోనే ఉన్నాయి. నడిపేవాళ్లు తెలుగు, ఒడియా వాళ్లు. రెండు లిపుల్లోనూ రాయించడం ఒక్క సాయంత్రం పని, కాంట్రాక్టరుని అడిగితే చేసిపెట్టాలి.

ఈ బార్లకి మనుషుల్ని కట్టకండి. సురభి వాళ్ల మాయాబజారు చూసినవాళ్లకి నారదుడు మబ్బుల మీంచి దిగాలనీ, ఘటోత్కచుడు గాల్లో లేవాలనీ ఆశ ఉంటుంది. 1885లో మొదలైన ఆ నాటక సమాజం చేతి తాళ్లతో చేసి చూపించే మాయ వెనక తరాల సాధన ఉంది. సామాను వించ్ వేరు, మనిషిని ఎత్తే యంత్రం వేరు. రెండోదానికి విడి తాళ్లు, విడి జీను, తర్ఫీదు అయిన మనిషి, వేరే పరీక్షలు కావాలి.

తెర దారిలో దేన్నీ పొడుచుకొచ్చేలా ఉంచకండి. 1903లో షికాగోలో ఇరాక్వాయి థియేటరు కాలినప్పుడు నిప్పుని ఆపాల్సిన తెర దిగుతూ దిగుతూ ఒక దీపపు రిఫ్లెక్టరుకి తగులుకుని మధ్యలో ఆగిపోయింది. ఆరు వందల మందికి పైగా చనిపోయారు. ఇక్కడ కూడా రెండో బారు మీది దీపాల కొక్కెం ముందు తెర మడతకి ఒక బెత్తెడు దూరంలోనే ఉంది. దాన్ని వెనక్కి జరపమని రాసిచ్చాం.

హాలు అప్పగించుకునేముందు బరువు పరీక్ష మీ కళ్లముందే చేయించండి. 250 కిలోల బారుకి పాతిక శాతం ఎక్కువ, అంటే 312 కిలోలు. 50 కిలోల ఇసుక బస్తాలు ఆరు, పైన ఒక చిన్న సంచి. గంటసేపు వేలాడదీసి చూడాలి, తరవాత మామూలు పూర్తి బరువుతో దించుతూ ఎమర్జెన్సీ నొక్కి ఎంత దూరంలో ఆగిందో కొలవాలి. లిమిట్ స్విచ్‌లు ఒక్కోటీ చేత్తో నొక్కి చూడాలి. గోపాలపూర్ సముద్రం పదిహేను కిలోమీటర్లే, ఉప్పుగాలికి జింకు పూత తాడు కూడా తుప్పు పడుతుంది. నెలకోసారి తాడు పొడుగునా దూది పట్టుకుని తుడవండి, పోగు ఎక్కడ చిక్కితే అక్కడ తీగ తెగి ఉంది. కారే గ్రీజు పూయకండి, అది పట్టుచీరల మీదా రంగుతెరల మీదా పడుతుంది. తాళ్లకని అమ్మే పొడిగా ఆరే నూనె వాడండి. రిపేరు మనిషి భువనేశ్వర్ నుంచో విశాఖ నుంచో రావాలి కాబట్టి బ్రేకు కాయిల్, దాని రెక్టిఫయర్, లిమిట్ స్విచ్, కాంటాక్టరు ఒక్కోటి హాల్లోనే ఉంచుకోండి. బిల్లులో కొంత భాగం ఒక వానాకాలం గడిచేదాకా ఆపి ఉంచడం మంచిది.

చివరగా ఒక ఫిర్యాదు. పాత కొయ్య కప్పీలు, సాలు కలపలో తొలిచినవి, పద్నాలుగు ఉన్నాయి. తాడు ఒరుసుకుని ఒరుసుకుని వాటి గాడులు అద్దంలా నున్నబడ్డాయి. వాటిని ఊడదీసి వేదిక కింద చెమ్మలో కుప్ప పోశారు. స్వీడన్‌లో డ్రాట్నింగ్‌హోల్మ్ రాజాస్థాన నాటకశాలలో 1766 నాటి కొయ్య యంత్రాలతోనే ఇప్పటికీ ప్రదర్శనలు జరుపుతున్నారు. మన కప్పీలకి చట్రంలో చోటుంది, నాలుగు చుట్టుతెరలకి అవే సరిపోతాయి. ముందు వాటిని పైకి తీసి, నీడలో ఆరబెట్టి, ఏది ఏ దూలానిదో నంబరు వేసి, నువ్వులనూనె పట్టించమని కమిటీకి చెప్పాం.